యూజర్_డీఎస్‌టీ అడ్రస్ కాదు తమ్ముడూ: కెర్నల్ కోడ్‌లో పేర్లు దారి తప్పిస్తే ఏం చేయాలి

తమ్ముడూ, ముందు నీ ప్రశ్నను కొంచెం కుదించి చెప్తాను, చదివేవాళ్లకు సంగతి తెలియాలి కదా. నువ్వు వరంగల్‌లో బీటెక్ మూడో సంవత్సరం. పాఠాల కోసం రాసిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్స్‌వీ6 కెర్నల్‌లో, అంటే దాని లోపలి గుండెకాయ లాంటి భాగంలో, కొత్త సిస్టమ్ కాల్ (మామూలు ప్రోగ్రామ్ కెర్నల్‌ని పని అడిగే దారి) ఒకటి రాస్తున్నావు. ఫైల్‌లో అడిగిన చోటి నుంచి కొన్ని బైట్లు చదివి యూజర్ ప్రోగ్రామ్ బఫర్‌లో పెట్టడం దాని పని. దానికోసం ఫైల్ డేటాను చదివే రీడ్‌ఐ ఫంక్షన్‌ని నేరుగా పిలిచావు. పారామీటర్లలో యూజర్_డీఎస్‌టీ అని ఒకటి, డీఎస్‌టీ అని ఒకటి కనిపించాయి. మొదటిది యూజర్ వైపు అడ్రస్, రెండోది కెర్నల్ వైపు అడ్రస్ అనుకున్నావు. నీకు కావాల్సింది యూజర్ వైపు కాబట్టి మొదటిదాంట్లో బఫర్ అడ్రస్ పెట్టి, రెండోదాంట్లో సున్నా పెట్టావు. ఒక్క వార్నింగ్ లేకుండా కంపైల్ అయింది. రన్ చేస్తే మాత్రం యూజర్‌ట్రాప్‌లో (ప్రోగ్రామ్ తప్పు చేస్తే కెర్నల్ పట్టుకునే చోటు) ఎస్‌కాజ్ 2 అనే కారణం నంబర్ చూపించి ప్రోగ్రామ్ చచ్చిపోతోంది. రెండు రోజుల నుంచి టెన్షన్. ఇది నా తప్పా, కోడ్ తప్పా, పేరు మార్చి పంపిస్తే తీసుకుంటారా అని అడిగావు.

కోడ్‌లో ఉన్న పేర్లను మనం పైకి చదివినట్టే తెలుగులో రాస్తున్నాను.

యూజర్_డీఎస్‌టీ అడ్రస్ కాదు. అది 0 లేదా 1 పెట్టే ఫ్లాగ్. 1 అయితే, దాని పక్కనున్న డీఎస్‌టీని యూజర్ వర్చువల్ అడ్రస్‌గా చూడమని అర్థం. 0 అయితే డీఎస్‌టీ కెర్నల్ అడ్రస్. అంటే గమ్యం ఒక్కటే, అది డీఎస్‌టీ. ముందున్నది ఆ గమ్యం ఎవరిదో చెప్పే గుర్తు. నువ్వు రాయాల్సింది రీడ్‌ఐ(ఐపీ, 1, బఫర్, ఆఫ్, ఎన్). ఐలాక్ (ఫైల్‌ని ఇంకొకరు ముట్టుకోకుండా వేసే తాళం) పట్టుకుని పిలిచావు, అది సరిగ్గానే చేశావు, దాన్ని కదిలించకు.

ఇప్పుడు నీ ప్రోగ్రామ్ ఎందుకు చచ్చిపోయిందో చూద్దాం. దీన్ని ఒక్కసారి మెల్లగా చదువు, ఇలాంటి బగ్‌ని నువ్వు జీవితంలో ఇంకో పదిసార్లు చూస్తావు. నీ బఫర్ అడ్రస్ ఏదో ఒక సున్నా కాని సంఖ్య. అది ఇంట్ పారామీటర్‌లోకి వెళ్లింది. ఎక్స్‌వీ6లో కెర్నల్ వైపు యూజర్ అడ్రస్‌లను పాయింటర్లుగా కాక 64 బిట్ల మామూలు సంఖ్యలుగానే పెట్టుకుంటారు. అందుకే కంపైలర్ ఆ సంఖ్యను 32 బిట్లకు కుదించి నిశ్శబ్దంగా లోపలికి పంపింది. అది పాయింటర్ అయ్యుంటే మేక్‌ఫైల్‌లో ఉన్న వార్నింగ్-ఎర్రర్ సెట్టింగ్ అక్కడే ఆపేసేది. రీడ్‌ఐ దాన్ని ఈదర్_కాపీఅవుట్‌కి అందించింది. అక్కడ యూజర్_డీఎస్‌టీ సున్నా కాదు కాబట్టి 'ఓహో, యూజర్ అడ్రస్ అన్నమాట' అని కాపీఅవుట్‌ని పిలిచింది. గమ్యం ఏది? నువ్వు డీఎస్‌టీలో పెట్టిన సున్నా.

ఎక్స్‌వీ6లో యూజర్ ప్రోగ్రామ్ కోడ్ మొదలయ్యేది సరిగ్గా ఆ సున్నా దగ్గరే. లినక్స్‌లోలాగా సున్నా దగ్గర ఖాళీ పేజీ (మెమరీని పంచే ఒక ముక్క) ఉండదు. నీ ఫైల్‌లోని అక్షరాలు నీ ప్రోగ్రామ్ ఇన్‌స్ట్రక్షన్ల మీదే పడ్డాయి. సిస్టమ్ కాల్ ముగిసి వెనక్కి వచ్చాక ప్రాసెసర్ ఆ అక్షరాలను ఇన్‌స్ట్రక్షన్లుగా చదవబోయింది. ఎక్స్‌వీ6 నడిచే రిస్క్-ఫైవ్ ప్రాసెసర్‌లో ఎస్‌కాజ్ 2 అంటే చెల్లని ఇన్‌స్ట్రక్షన్ అని. నీకు కనిపించింది అదే. ఇంకో సంగతి, ఇలా జరిగిందంటే నీ దగ్గరున్నది పాత కాపీ, బహుశా సీనియర్ల నుంచి వచ్చినది. కొత్త కాపీల్లో కాపీఅవుట్ రాయడానికి వీల్లేని పేజీ మీద రాయనివ్వదు, ఫెయిల్ అయి -1 వస్తుంది. కొత్త కాపీ తెచ్చుకో, తప్పు జరిగిన చోటే బయటపడుతుంది.

తప్పు నీదా, కోడ్‌దా అంటే, రెండు వైపులా ఉంది. రీడ్‌ఐ పైన కామెంట్‌లో యూజర్_డీఎస్‌టీ 1 అయితే డీఎస్‌టీ యూజర్ అడ్రస్ అని రాసే ఉంది. నువ్వు చదవలేదు. కానీ ఆ పేరు చూసి నువ్వు అనుకున్నది పిచ్చి ఆలోచన కాదు. పక్కపక్కనే డీఎస్‌టీ, యూజర్_డీఎస్‌టీ అని రెండు పేర్లు ఉంటే ఎవరైనా రెండూ ఒకే జాతి అనుకుంటారు. పేరు నామవాచకంలా ఉంది, విలువ మాత్రం అవును, కాదు. ఆ తేడాలోనే నువ్వు పడ్డావు.

మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్తాను. మా నాన్నది పరకాల దగ్గర ఊరు. పాస్‌బుక్‌లో ఒక సర్వే నంబర్ ఎదురుగా విస్తీర్ణం 2.20 అని ఉంటుంది. మన వైపు ఎవరికి చూపించినా రెండెకరాల ఇరవై గుంటలు అంటారు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. మా చెల్లెల్ని గుంటూరు వైపు ఇచ్చాం. వాళ్ల మామగారు ఒకసారి ఆ కాగితం చూసి రెండెకరాల ఇరవై సెంట్లు అని లెక్క వేసుకున్నారు, వాళ్ల దగ్గర ఎకరానికి 100 సెంట్లు. ఆయన చదివింది తప్పు కాదు, వాళ్ల ఊళ్లో అయితే అది నూటికి నూరు పాళ్లు సరైన లెక్క. తేడా మాత్రం పన్నెండు గుంటలు, అంటే 1,452 గజాలు. చుక్కకు అటు ఏముందో ఇటు ఏముందో కాగితం చెప్పలేదు, చదివేవాళ్లు తమకు తెలిసిన కొలతను పెట్టుకున్నారు. కెర్నల్‌లో లెన్, సైజ్, టైమౌట్, ఆర్డర్, ఎండ్ అనే పేర్లు కనిపించిన ప్రతిసారీ నాకు ఆ 2.20 గుర్తొస్తుంది.

టైమౌట్ గురించి చెప్పాలి, ఎందుకంటే దాని దెబ్బ నేను తిన్నాను. డ్రైవర్ల పని మొదలుపెట్టిన కొత్తలో ఒక చోట చిన్న బోర్డుకి డ్రైవర్ రాస్తున్నాం. హార్డ్‌వేర్ జవాబు కోసం ఆగే ఫంక్షన్ ఒకటి మా టీమ్‌లోనే ఎవరో ముందే రాసి పెట్టారు. దాని చివరి పారామీటర్ పేరు టైమౌట్. నేను 500 ఇచ్చాను, అర సెకను అనుకుని. నా మెషిన్‌లో టెస్ట్ చేస్తే సరిగ్గా అర సెకనే ఆగింది. బోర్డు మీద పెడితే బటన్ నొక్కాక ఐదు సెకన్ల పాటు ఏమీ కదల్లేదు. మూడు రోజులు హార్డ్‌వేర్‌ని అనుమానించాం. కేబుల్ మార్చాం, బోర్డే మార్చాం. చివరికి ఆ ఫంక్షన్ తెరిచి చూస్తే, ఆ విలువ నేరుగా వెయిట్_ఈవెంట్_టైమౌట్‌కి వెళ్తోంది. అది అడిగేది మిల్లీసెకన్లు కాదు, జిఫీలు. సెకనుకి ఎన్ని జిఫీలు అన్నది కెర్నల్ కట్టేటప్పుడు హెచ్‌జెడ్ అనే సెట్టింగ్‌లో ఇస్తాం. నా మెషిన్‌లో అది 1000, కాబట్టి ఒక జిఫీ సరిగ్గా ఒక మిల్లీసెకను, 500 అంటే అర సెకను. బోర్డులో హెచ్‌జెడ్ 100, కాబట్టి 500 జిఫీలు అంటే ఐదు సెకన్లు. 250 పెట్టిన కెర్నల్ అయితే రెండు సెకన్లు ఆగేది. టెస్ట్‌లో పాస్ అయింది కాబట్టి కోడ్ మీద ఎవరికీ అనుమానం రాలేదు, అదే అసలు ఇబ్బంది. ఆ పారామీటర్ పేరు టైమౌట్_ఎంఎస్ అని మార్చి, లోపల ఎంసెక్స్_టు_జిఫీస్ పెట్టాం. రెండు లైన్ల మార్పు.

ఆ మార్పులో ఒక మెలిక ఉంది, అప్పుడు నాకు తెలియలేదు. మేము పేరు ఒక్కటే కాదు, అర్థం కూడా మార్చాం. అప్పటిదాకా జిఫీలు అని తెలిసి సరిగ్గా పిలిచిన కాలర్లు కూడా ఉండొచ్చు కదా? వాళ్ల కోడ్ ఆ రోజు నుంచి తప్పు. కంపైలర్ చెప్పదు. సీ భాషలో పారామీటర్ పేరు పిలిచేవాళ్లకు కనిపించదు, విలువలు వరుసను బట్టి వెళ్తాయి. ఇది బాగా పట్టుకో తమ్ముడూ. అర్థం అలాగే ఉంచి పేరు మాత్రమే సరిచేస్తున్నావంటే పారామీటర్ పేరు మార్చు, ఎవరికీ నష్టం లేదు. అర్థమే మారుతోందంటే పారామీటర్ పేరు మార్చడం చాలదు, ఫంక్షన్ పేరే మార్చాలి. పాత పేరుతో పిలిచే కోడ్ కంపైల్ కాకుండా ఆగిపోవాలి, ఆగితేనే రాసినవాడు వచ్చి చూస్తాడు.

లినక్స్‌లో ఇది పెద్ద ఎత్తున జరిగింది. పేజీలు అడిగే అలోక్_పేజెస్‌లో ఆర్డర్ అనే పారామీటర్ ఉంటుంది. అది పేజీల సంఖ్య కాదు, రెండుకి ఎన్నో ఘాతం. ఆర్డర్ 3 అంటే 8 పేజీలు. ఎనిమిది పేజీలు కావాలని 8 ఇస్తే 256 పేజీలు అడిగినట్టు, 4 కేబీ పేజీలైతే ఒక ఎంబీ. దీనికి పైహద్దుగా మ్యాక్స్_ఆర్డర్ అనే పేరు ఉండేది, మామూలుగా 11. పేరు చూస్తే అడగగల పెద్ద ఆర్డర్ 11 అనిపిస్తుంది. నిజానికి 10 దాకానే, అంటే 1,024 పేజీలు, 4 ఎంబీ. 11 అన్నది 0 నుంచి 10 దాకా ఎన్ని ఆర్డర్లు ఉన్నాయో ఆ లెక్క. 'గరిష్ఠం' అని పేరు పెట్టి 'ఎన్ని' అనే విలువ ఇచ్చారు. దీన్ని సరిచేసిన కమిట్‌లోనే (కోడ్‌లో చేర్చిన మార్పు, దాని వివరణ), ఈ నిర్వచనం వల్ల కెర్నల్ అంతటా బగ్‌లు వచ్చాయని రాశారు. 2023లో వచ్చిన 6.4లో అర్థాన్ని సరిదిద్దారు, మ్యాక్స్_ఆర్డర్ అంటే నిజంగా అడగగల పెద్ద ఆర్డర్ అని. కానీ పేరు పాతదే ఉంచారు. మెయిన్ కెర్నల్‌లో ఉన్న కోడ్ అంతా అప్పుడే సరిచేశారు. అందులోకి ఇంకా చేరని కోడ్ మాత్రం పాత అర్థంతోనే హాయిగా కంపైల్ అవుతూ పోయింది. ఇబ్బందులు వచ్చాక, 2024లో విడుదలైన 6.8లో దాన్ని మ్యాక్స్_పేజ్_ఆర్డర్ అని మార్చారు. అర్థం మారిన సంగతి అందరి దృష్టికీ రావాలనే మార్చామని కమిట్‌లో స్పష్టంగా రాశారు. మెమరీ మేనేజ్‌మెంట్‌లో పండిపోయినవాళ్లకే రెండు విడతలు పట్టింది.

ఇంకో రకం ఉంది, ఒకప్పుడు నిజమై ఇప్పుడు అర్థం పోగొట్టుకున్న పారామీటర్. యూజర్ ఇచ్చిన అడ్రస్‌ని పరీక్షించే యాక్సెస్_ఓకే అనే ఫంక్షన్‌కి మొదట టైప్ అని ఒక పారామీటర్ ఉండేది, వెరిఫై_రీడ్ లేదా వెరిఫై_రైట్ ఇవ్వాలి. చూసినవాళ్లు 'ఇక్కడ రాసే హక్కు ఉందో లేదో తనిఖీ అవుతోంది' అని నమ్మేవాళ్లు. అలాంటి తనిఖీ ఏదీ జరగదు, అడ్రస్ యూజర్ పరిధిలో ఉందా అన్నదే చూస్తుంది. మరి ఆ పారామీటర్ ఎందుకొచ్చింది? తొలినాటి 80386 ప్రాసెసర్ కెర్నల్ మోడ్‌లో ఉన్నప్పుడు పేజీల మీద రాయకూడదనే గుర్తును పట్టించుకునేది కాదు. అందుకని రాసే ముందు కెర్నలే చేత్తో చూసుకోవాల్సి వచ్చేది. 486 నుంచి ఆ అవసరం పోయింది. 2013లో వచ్చిన 3.8 కెర్నల్‌తో 386కే సపోర్ట్ తీసేశారు. పారామీటర్ మాత్రం అలాగే ఉండిపోయింది. 2019 జనవరిలో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ స్వయంగా దాన్ని కెర్నల్ మొత్తంలోంచి తీసేశారు, 5.0 కోసం. భద్రతకు సంబంధించిన చోట లేని తనిఖీని ఉన్నట్టు చూపించే పేరు అన్నిటికంటే ప్రమాదం అని నా అభిప్రాయం. దాన్ని నమ్మి ఇంకొకరు అసలు తనిఖీ వదిలేస్తారు.

నీ యూజర్_డీఎస్‌టీకి దగ్గర చుట్టం కూడా ఒకటి ఉంది. యూజర్ మెమరీ పేజీలను కెర్నల్ అందుకునే గెట్_యూజర్_పేజెస్‌లో రైట్, ఫోర్స్ అని రెండు పారామీటర్లు పక్కపక్కనే ఉండేవి. పిలిచే చోట చూస్తే 1, 0 అని అంకెలు కనిపిస్తాయి, ఏది ఏదో తెలియదు. ఫోర్స్ అన్నది రాయకూడని పేజీని కూడా తెరిపించగల ఫ్లాగ్, అది ఎవరికీ కనపడకుండా '1' వెనక దాక్కునేది. 2016లో ఆ రెండింటినీ తీసేసి ఒకే ఫ్లాగ్స్ పారామీటర్ పెట్టారు. ఫోర్స్ కావాల్సినవాళ్లు ఫాల్_ఫోర్స్ అని పేరు పెట్టి రాయాలి. రాస్తే గ్రెప్‌లో (కోడ్‌లో పదాలు వెతికే కమాండ్) దొరుకుతుంది.

ఇక పేరు మీద అనుమానం వచ్చినప్పుడు నేనేం చేస్తానో చెప్తాను. కామెంట్‌తో మొదలుపెడతాను కానీ దానితో ఆగను. లినక్స్‌లో కెర్నల్-డాక్ కామెంట్లలో ప్రతి పారామీటర్‌కీ వివరణ ఉంటుంది. డబ్ల్యూ=1 పెట్టి బిల్డ్ చేస్తే వివరణలోని పేర్లు, కోడ్‌లోని పేర్లు కలవకపోతే వార్నింగ్ వస్తుంది. పేర్లు కలిశాయా అన్నదే అది చూస్తుంది, వివరణ నిజమా కాదా అన్నది దానికి తెలియదు. నిజం దొరికేది పిలిచే చోట. నువ్వు ఎక్స్‌వీ6లో రీడ్‌ఐ అని గ్రెప్ కొట్టి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. ఫైల్‌రీడ్‌లో రెండో విలువ 1, దాని పక్కన యూజర్ ఇచ్చిన అడ్రస్. ఎగ్జెక్‌లో రెండో విలువ 0, పక్కన ఈఎల్‌ఎఫ్ హెడర్ అనే కెర్నల్ వేరియబుల్ అడ్రస్. డిర్‌లుకప్‌లోనూ 0. ఎక్కడా ఆ స్థానంలో అడ్రస్ కనిపించదు. మూడు చోట్ల చూశాక ఇంకెవరూ చెప్పక్కర్లేదు. పెద్ద కోడ్ అయితే గిట్ లాగ్‌లో, అంటే మార్పుల చరిత్రలో, ఆ పేరు ఎప్పుడు, ఏ కారణంతో వచ్చిందో కూడా వెతుకుతాను. యాక్సెస్_ఓకే లాంటివాటి కథ అలాగే తెలుస్తుంది.

తిరిగి ఇచ్చే విలువనూ ఇలాగే చూడు. కాపీ_టు_యూజర్ తిరిగి ఇచ్చేది కాపీ అయిన బైట్లు కాదు, కాపీ కాకుండా మిగిలిపోయినవి. సున్నా అంటే అంతా అయిందని. దాన్ని రీడ్ ఫంక్షన్ జవాబుగా నేరుగా పంపేసిన డ్రైవర్లను నేను రివ్యూల్లో చాలాసార్లు ఆపాను.

పేరు మార్చడం మొదలుపెట్టాక కొన్ని చోట్ల జాగ్రత్త. సీలో ప్రొటోటైప్‌లో ఒక పేరు, డెఫినిషన్‌లో ఇంకో పేరు ఉన్నా కంపైలర్ నోరెత్తదు, కాబట్టి హెడర్ మర్చిపోతే అబద్ధం అక్కడ మిగిలిపోతుంది. లినక్స్‌లో అయితే పేరు బయటికీ కనిపిస్తుంది. బీటీఎఫ్ అనే టైప్ సమాచారంలో పారామీటర్ల పేర్లు కూడా ఉంటాయి, నడుస్తున్న కెర్నల్‌ని గమనించే బీపీఎఫ్‌ట్రేస్ స్క్రిప్టులు ఆ పేర్లతో విలువలను పట్టుకోగలవు. నువ్వు పేరు మారిస్తే ఎవరి స్క్రిప్టో ఆగొచ్చు. సిస్టమ్ కాల్ పారామీటర్ల పేర్లు ట్రేసింగ్ ఫైళ్లలో కనిపిస్తాయి. మాడ్యూల్ పారామీటర్ల సంగతి ఇంకా గట్టిది. వాటి పేర్లు జనం బూట్ సెట్టింగుల్లో రాసుకుని ఉంటారు, ఆ పేరు ముట్టుకోకూడదు. లోపలి వేరియబుల్ పేరు మార్చుకోవాలంటే మాడ్యూల్_పారామ్_నేమ్డ్ ఉంది, బయటి పేరు పాతదే ఉంచుతుంది.

పేరు బాగాలేదు అనే ఒక్క కారణంతో లినక్స్‌కి ప్యాచ్ (కోడ్ మార్పు) పంపితే, ఆ కోడ్‌ని చూసుకునే మెయింటెయినర్లలో చాలా మంది ఇష్టపడరు. వాళ్ల బాధ నిజమే. పేరు మారిన ప్రతి లైన్ పాత వెర్షన్లకు బగ్ ఫిక్స్ తీసుకెళ్లేటప్పుడు అడ్డొస్తుంది. కానీ 'ఈ పేరు వల్ల ఫలానా చోట ఫలానా తప్పు జరిగింది' అని చూపిస్తే వింటారు. నీ దగ్గర ఆ సాక్ష్యం ఉంది.

ఎక్స్‌వీ6 విషయానికి వస్తే, నీకు ఇంకా మంచి అవకాశం. ఇది అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు పాఠం కోసం పెట్టుకున్న కెర్నల్. కొత్త ఫీచర్ల కన్నా సులువు చేసే మార్పులు, స్పష్టత తెచ్చే మార్పులే మాకు కావాలని వాళ్ల రీడ్‌మీలోనే రాశారు. సలహాలు ఎవరికి పంపాలో కూడా అందులోనే ఉంది. తీసుకుంటారని మాట ఇవ్వలేను, పంపడం మాత్రం పంపు.

పేరు డీఎస్‌టీ_ఈజ్_యూజర్ అని పెట్టమంటాను. చదవగానే అవును, కాదు అనే జవాబు అడుగుతుంది, అడ్రస్ పెట్టాలని ఎవరికీ అనిపించదు. ఒక్క రీడ్‌ఐలో మార్చి ఊరుకోకు. రైట్‌ఐలో, ఈదర్_కాపీఇన్‌లో, కన్సోల్‌రైట్‌లో ఇదే తీరుగా యూజర్_ఎస్‌ఆర్‌సీ (ఎస్‌ఆర్‌సీ అంటే డేటా వచ్చే చోటు) ఉంది. ఈదర్_కాపీఅవుట్, కన్సోల్‌రీడ్‌లో యూజర్_డీఎస్‌టీయే ఉంది. డెఫ్స్ హెడర్‌లో రీడ్‌ఐకి పేర్లు లేవు, ఇంట్, యూఇంట్64 అని టైపులు మాత్రమే ఉన్నాయి. ఈదర్_కాపీఅవుట్, ఈదర్_కాపీఇన్‌లకు మాత్రం పేర్లు ఉన్నాయి, అక్కడా మార్చాలి. రీడ్‌ఐ, రైట్‌ఐ పైన కామెంట్లలో కూడా. మార్చే ముందు ఒకసారి, మార్చాక ఒకసారి కెర్నల్‌ని ఆబ్జ్‌డంప్ -డీతో (ఇన్‌స్ట్రక్షన్లను చూపించే కమాండ్) డంప్ చేసి, రెండింటికీ తేడా చూపించే డిఫ్ పెట్టు. మేక్ తయారుచేసే కెర్నల్.ఏఎస్‌ఎం ఫైల్‌తో పోల్చకు, అందులో సోర్స్ లైన్లు కూడా కలిసి ఉంటాయి కాబట్టి తేడాలు కనిపిస్తాయి. ఒట్టి ఇన్‌స్ట్రక్షన్లలో ఒక్క తేడా కూడా రాకూడదు. వస్తే నువ్వు పేరు కాకుండా ఇంకేదో మార్చావు.

ఎంఐటీ వాళ్లకు రాసే ఉత్తరంలో ఎక్కువ రాయక్కర్లేదు. మొదటి వాక్యంలో 'ఈ పారామీటర్ ఫ్లాగ్, పేరు మాత్రం అడ్రస్‌లా ఉంది' అని చెప్పు. రెండో వాక్యంలో 'నేను దీనిలో అడ్రస్ పెట్టాను, వార్నింగ్ రాలేదు, డేటా ప్రోగ్రామ్ కోడ్ మీద పడింది' అని రాయి. తర్వాత ఇన్‌స్ట్రక్షన్లలో తేడా లేదని చూసుకున్న సంగతి. ముందు నీ సిస్టమ్ కాల్‌లో ఆ 1 పెట్టి రన్ చేసి, ఏమొచ్చిందో ఇక్కడే చెప్పు. ఫైల్ చివరికి దగ్గర్లో ఆఫ్‌సెట్ ఇచ్చి, మిగిలినదానికన్నా ఎక్కువ బైట్లు అడిగి కూడా చూడు. రీడ్‌ఐ ఉన్నంతవరకే చదివి ఆ సంఖ్య తిరిగి ఇస్తుంది. నువ్వు ఆ సంఖ్యనే యూజర్‌కి పంపాలి, వాళ్లు అడిగిన ఎన్ కాదు.